వెచ్చటి గోడ

"సూప్ గరిటెతో సున్నం కలుపుతావుటే? నీ బొమ్మలు తగలెయ్య!" అంది తల్లి.

"కడిగేస్తాలేవే అమ్మా," అని హెలెన్కా విసురుగా బయటపడింది.

పిట్స్‌బర్గ్ ఉక్కు మిల్లు భోజనశాల గోడ మీద ఆమె కొలిమి కార్మికుల బొమ్మలు వేస్తోంది. వాళ్లలో ఒకడు, నిరుడు కరిగిన ఉక్కులో పడి చనిపోయిన అన్న ఆంద్రెయ్. "చచ్చినవాణ్ణి తీసెయ్, లేదా పని మానెయ్," అన్నాడు మేనేజరు. సాయంత్రమే అన్న బొమ్మను పూతతో సహా గీకేసింది.

ఇప్పుడు, రాత్రి ఖాళీ భోజనశాలలో, కొత్త పూత వెయ్యాలని లాంతరెత్తి, గీకిన చోట చెయ్యి పెట్టింది. గోడంతా మంచులా ఉంది. అక్కడ మాత్రం వెచ్చగా ఉంది. లోపల ఎవరో నెమ్మదిగా ఊపిరి తీస్తున్నారు.

ఆమె చెయ్యి తియ్యలేదు.

పొద్దున ఇంట్లో రొట్టెలు తినేటప్పుడు అందరూ వినేలా తండ్రితో చెప్పింది. "అన్నని మళ్లీ వేస్తున్నా నాన్నా. ఈసారి అందరికంటే ముందు వరసలో."