రెక్క తిప్పిన మనిషి

“పేషెంట్ ఎక్కడ?”

విమానం ఆపి కిందికి దూకుతూనే అడిగాడు పైలట్.

“ఇదిగో సార్! నా కూతురు!”

ఆ ఊళ్ళో బట్టలు కుట్టే టైలర్ అతను. చేతుల్లో ఆరేళ్ళ పిల్ల ఊపిరందక గిలగిల్లాడుతోంది. పెదవులు నీలంగా మారాయి. ఎప్పుడూ ఉండే ఉబ్బసమే, కానీ ఇంతలా ఎప్పుడూ రాలేదు. పీల్చే మందు అయిపోయింది. వరదకి వంతెన కొట్టుకుపోయింది. ఏం చేయాలో తోచక వీధిలో నిలబడ్డవాడికి విమానం చప్పుడు వినపడింది. పిల్లని భుజాన వేసుకుని, కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా, ఈ మట్టి రన్‌వే దాకా పరుగెత్తుకొచ్చాడు.

“ఎక్కండి. వెనక సీటు ఒక్కటే. పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకోండి.”

ఎక్కారు. పైలట్ మీట నొక్కాడు. ఇంజన్ ఒకసారి మూలిగి ఊరుకుంది.

మళ్ళీ నొక్కాడు. ఈసారి మూలగను కూడా లేదు.

“ఏమైంది సార్?”

“బ్యాటరీ చచ్చింది. అసలు ఇంజన్ ఆపకుండా ఉండాల్సింది. ముందు తిరిగే ఫ్యాను రెక్క పక్కనుంచి పేషెంటుని ఎలా ఎక్కిస్తామని ఆపాను.”

“ఇప్పుడెలా సార్?”

“ముందున్న ఆ రెక్కని చేత్తో తిప్పి స్టార్ట్ చేయాలి. నేను లోపల ఉండాలి. బయట తిప్పడానికి తెలిసిన మనిషి కావాలి.”

“నేను తిప్పుతా!”

“వద్దండీ, తెలియకపోతే చెయ్యి...”

టైలర్ వినిపించుకుంటేగా! పిల్లని సీట్లో ఆనించి దూకాడు. రెక్క పట్టుకుని ఉన్న బలమంతా పెట్టి లాగాడు. అది సగం తిరిగి ఎదురుతన్నింది. మణికట్టు పట్టుకుని నేల మీద కూలబడ్డాడు.

“అయ్యో నా తల్లీ... నిన్నెలా దక్కించుకునేదే...” అంటూ అక్కడే బావురుమన్నాడు.

అప్పుడు రన్‌వే పక్కనున్న షెడ్డు అరుగు మీది ముసలాయన మెల్లగా లేచాడు. పాత ఖాకీ కోటు, చెవులకి మఫ్లర్. అంతసేపూ అక్కడే కూర్చుని ఇదంతా చూస్తున్నాడు.

“నేను తిప్పుతాను బాబూ. పొలాలకి మందు చల్లే విమానాలు చాలా ఏళ్ళు తిప్పాను.”

టైలర్‌కి ఒళ్ళు మండిపోయింది.

“పని తెలిసుండీ ఇంతసేపూ గుడ్లప్పగించి చూస్తున్నావా? ఇందుకేనా నిన్నిక్కడ జీతమిచ్చి కాపలా పెట్టింది?”

ముసలాయన ఏదో అనబోయి ఊరుకున్నాడు. చక్రాల కింద అడ్డుపెట్టిన చెక్కలు సరిచూశాడు.

“మీరు పాప దగ్గరికెళ్ళండి. పడుకోనీకండి, నిటారుగా కూర్చోబెట్టండి.”

తర్వాత ఇంజన్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

“స్విచ్ ఆఫ్?”

“ఆఫ్!” లోపలినుంచి పైలట్.

“పెట్రోలు ఎక్కువైంది బాబూ. ముందు కాసేపు వెనక్కి తిప్పాలి.”

తిప్పాడు. మోకాళ్ళ మీద చేతులాన్చి ఊపిరి తీసుకున్నాడు. మళ్ళీ తిప్పాడు.

“స్విచ్ ఆన్!”

“ఆన్!”

రెక్కని కిందికి గుంజి చటుక్కున వెనక్కి తప్పుకున్నాడు. ఇంజన్ దగ్గి ఆగిపోయింది.

మళ్ళీ గుంజాడు. మళ్ళీ అంతే.

ముసలాయన మఫ్లర్ తీసి మొహం తుడుచుకున్నాడు. అలాగే నేల మీద కూర్చుండిపోయాడు.

టైలర్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

“ఏంటయ్యా, నాలుగు తిప్పులకే చతికిలబడితే ఎలా? నీ మనవరాలైతే ఇలాగే కూర్చుంటావా?”

“లేస్తున్నా బాబూ. ఒక్క క్షణం.”

“నా బిడ్డ దగ్గర క్షణాలు లేవయ్యా! నీ కాళ్ళు పట్టుకుంటా, తిప్పు!”

తిట్టిన నోటితోనే కాళ్ళు పట్టుకుంటానన్నాడు. కన్నబిడ్డ ప్రాణం మీదికొస్తే ఏ తండ్రికైనా మర్యాదలు గుర్తుండవు.

ముసలాయన లేచాడు. రెండు చేతులూ రెక్క మీద వేశాడు.

“స్విచ్ ఆన్!”

ఇంజన్ దడదడలాడి అందుకుంది.

ఆయన చెక్కలు లాగేసి, వెనకనుంచి చుట్టూ తిరిగి పైలట్ దగ్గరికొచ్చాడు. ఆ హోరులో గొంతు చించుకుని అడిగాడు.

“బాబూ, మళ్ళీ ఇటు వస్తారా?”

“ఏంటీ?”

“మీరు మళ్ళీ...”

“నీ కబుర్లు తర్వాత! పోనీయండి సార్, పోనీయండి!” వెనకనుంచి టైలర్ అరిచాడు.

ముసలాయన పక్కకి తప్పుకున్నాడు. విమానం లేచింది. టైలర్ వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

పిల్ల బతికింది.

మధ్యాహ్నానికి పెదవుల నీలం పోయింది. ఆకలేస్తోంది నాన్నా అంది. టైలర్ వార్డు బయటికొచ్చి గోడకి తల ఆన్చి కరువుతీరా ఏడ్చాడు.

మనసు కుదుటపడ్డాక సిగ్గు ముంచుకొచ్చింది. ఆ ముసలాయన్ని ఎన్నెన్ని మాటలన్నాడు! మంచి గుడ్డ తీసుకుని ఆయనకొక చొక్కా కుట్టాలి, తన చేత్తో తొడగాలి, కాళ్ళ మీద పడాలి. కొలతలు తీసుకోకపోతేనేం? సన్నటి భుజాలు, పొడుగు చేతులు. చూసిన మనిషి కొలత ఏ టైలరూ మరిచిపోడు.

సాయంత్రం పైలట్ వచ్చాడు.

“పాపకెలా ఉంది?”

“మీ దయ సార్. మళ్ళీ అటెప్పుడు వెళ్తారు? ఆ వాచ్‌మన్‌కి చొక్కా కుట్టివ్వాలి.”

“ఇప్పుడే వెళ్ళొచ్చానండీ.” పైలట్ బెంచీ మీద కూలబడ్డాడు. “అక్కడ వాచ్‌మన్ ఎవరూ లేరట. నేనూ మీలాగే అనుకున్నాను.”

“మరి ఆయన?”

“నేను వెళ్ళేసరికి షెడ్డు అరుగు మీదే ఒరిగిపోయి ఉన్నారు. ఒళ్ళు చల్లబడిపోయింది.”

టైలర్ పైలట్ చెయ్యి పట్టుకున్నాడు.

“ఎవరు సార్ ఆయన?”

పైలట్ తలెత్తలేదు.

“షెడ్డు దగ్గర పేషెంటున్నారు, తీసుకురా అని మాత్రమే చెప్పి పంపారండీ నన్ను. మిమ్మల్ని ఇక్కడ దించాక మా ఆఫీసువాళ్ళు అడిగారు, గుండెనొప్పి వచ్చిన పెద్దాయన ఏరీ అని.”