రేవులో రెండు పడవలు

తిరుపాల్ పెద్ద పడవ చుట్టూ మూడోసారి తిరిగాడు.

కొత్తగా పూసిన తారు ఎండకు నిగనిగలాడుతోంది. ఇరవై మంది కూర్చున్నా ఇంకా చోటు మిగులుతుంది.

పక్కనున్న చిన్న పడవను అతను సరిగా చూడనైనా లేదు. అందులో ఎనిమిది మంది పడితే గొప్ప.

రెండూ పాతవే. రెండింటినీ అమ్మకానికని రేవులో రాళ్ల మీద ఎత్తి పెట్టారు. మంత్రాలయం దాటాక ఉండే ఆ రేవులో టీకొట్టు దేవేంద్ర బేరం కుదురుస్తాడని ఎవరో చెబితే, పొద్దున్నే బయలుదేరి ఎమ్మిగనూరులో బస్సు మారి వచ్చాడు.

మొన్నటి వరదకు తిరుపాల్ పడవ బండలకు కొట్టుకొని ముక్కలైంది. అప్పటినుంచి ఊళ్లో ఆడవాళ్లకు కూలి పనుల్లేవు. తుంగభద్ర అవతలి గట్టున పత్తి చేలు తెల్లగా విచ్చుకొని ఉన్నాయి. రోడ్డు మీద చుట్టూ తిరిగి పోతే సగం పొద్దు దారిలోనే గడుస్తుంది. పడవైతే అరగంట.

దేవేంద్ర కొట్లో జనం కిటకిటలాడుతున్నారు. "నువ్వు సూస్తా ఉండన్నా, ఈళ్లకి టీలిచ్చి వస్తా" అన్నాడు.

"పెద్దది వద్దప్పా."

తిరుపాల్ వెనక్కి తిరిగాడు. తెల్లగడ్డం పెద్దాయన ఒకడు బండ మీద కూర్చొని ఉన్నాడు.

"ఏం?"

"మీ కాడ ఏట్లో ఇసకా, బండలా?"

"బండలే."

"అట్లయితే సిన్నది తీసుకో. పెద్దది బరువెక్కితే లోతుకి దిగుతాది. బండ తగిల్తే తిప్పుకోలేవు. సిన్నది నీ మాట ఇంటాది."

"మాకాడ ఇరవై మంది ఆడోళ్లుండారు పెద్దాయనా."

"మూడుసార్లు తిప్పు."

తిరుపాల్‌కు ఒళ్లు మండింది. "ఆ సిన్న పడవ నీదేనా? నాకు అంటగట్టల్లని సూస్తాండావా?"

పెద్దాయన లేచాడు. బిందె తీసుకొని ఏట్లోకి దిగాడు. నాలుగు బిందెల నీళ్లు మోసుకొచ్చి పెద్ద పడవలో పోశాడు.

"ఇప్పుడు వంగి కింద సూడు."

తిరుపాల్ వంగాడు. మొదట ఏమీ కనపడలేదు. కాసేపటికి అడుగు చెక్క పొడవునా చెమట పట్టినట్టు నీటి బొట్లు. ఒకటి రాలింది. ఆ వెనకే వరసగా రాలాయి.

"తారు మన కండ్లని మూస్తాది గానీ నీళ్లని మూయలేదప్పా. అడుగు సెక్క పుచ్చింది. నడి ఏట్లో ఇడిసిపెడతాది."

చిన్న పడవలోనూ నీళ్లు పోసి చూపించాడు. దాని అడుగు పొడిగానే ఉంది.

'తన సరుకు అమ్ముకోను ఎంత తెలివో!' అనుకున్నాడు తిరుపాల్. పేరైనా అడగలేదు. నేరుగా కొట్టు దగ్గరికి నడిచాడు.

"సిన్నదే ఇప్పించు."

దేవేంద్ర మొహం వాడిపోయింది. "పెద్దదానికని వస్తివి కదన్నా?"

"వద్దులే."

చిన్న పడవతో తిరిగొస్తే ఊళ్లో అందరూ నవ్వారు. "పడవ తెస్తానని పోయి తొట్టి తెచ్చినావే" అంది భార్య మల్లేశ్వరి.

కార్తీకంలో ఒకరోజు పొద్దున. పడవలో ఎనిమిది మంది ఆడవాళ్లు, ముందు వరసలో మల్లేశ్వరి.

పైన ఎక్కడ వాన కురిసిందో, నడిమధ్యకు రాగానే ఏరు ఒక్కసారిగా ఉరికింది. పడవను గిర్రున తిప్పి బండకేసి కొట్టింది.

"ఈరన్న సామీ!" ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకున్నారు.

తిరుపాల్ గడను బండకు ఆనించి ఒంట్లో బలమంతా పెట్టి తోశాడు. పడవ మాట విన్నది. పక్కకు తిరిగి, బండను గీరుకుంటూ జారింది. అడుగు చెక్క చెక్కుచెదరలేదు.

గట్టు చేరాక ఉరుకుందమ్మ అతని చేతులు పట్టుకొని ఏడ్చింది. ఇంటి దగ్గర ఆరు నెలల బిడ్డను వదిలి వచ్చిన మనిషి.

"నా బిడ్డకి తల్లిని మిగిల్సినావన్నా."

"నేను కాదమ్మా" అన్నాడు తిరుపాల్.

ఆ సాయంత్రం రేవులో జరిగిందంతా భార్యకు చెప్పాడు. తానన్న మాటతో సహా.

"అంత మేలు సేసినాయప్ప పేరు గూడా అడగలేదా నువ్వు?" అంది మల్లేశ్వరి.

మర్నాడు ఆమె జొన్నరొట్టెలు కాల్చి మూట కట్టింది. ఉరుకుందమ్మ చెనిక్కాయలు తెచ్చిచ్చింది. మిగతావాళ్లంతా కలిసి కొత్త పంచె తెప్పించారు. మొగుడూ పెండ్లాం బస్సెక్కారు.

రేవులో పెద్దాయన లేడు. పెద్ద పడవా లేదు.

తిరుపాల్ కొట్టు దగ్గరికి పరుగెత్తాడు. "దేవేంద్రా, పెద్ద పడవ ఎవురన్నా కొన్నారా?"

"లేదన్నా. ఇంగెవురూ ఎక్కగూడదని గొడ్డలేసి సీల్సేసినారు."

"ఆడ బండ మీద కూసోనుండె, తెల్లగడ్డం పెద్దాయన..."

"కాశప్పనా? పెండ్లాన్ని పిల్సుకొని సుగ్గికి పోయినాడు. గుంటూరు దిక్కు, కూలి పనికి. ఇంగ ఉగాదికే వచ్చేది."

"ఆయప్ప కాళ్లకి మొక్కి పోదామని వస్తిమి" అన్నాడు తిరుపాల్.

మల్లేశ్వరి చేతిలోని మూటను గుండెకు హత్తుకుంది. "పడవ అమ్ముడుపోయె కదన్నా. ఆ వయసులో ఇంగా సుగ్గికి పోవాల్సిన కర్మేమి?"

"యాడ అమ్ముడుపోయింది వదినా?"

"మేం కొంటిమి కదా, సిన్నది."

దేవేంద్ర ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

"సిన్నది కోసిగి ఊరోళ్లది వదినా... కాశప్పది, తన సేత్తోనే సీల్సేసిన ఆ పెద్ద పడవ."