ఒంటి తురాయి

గుమ్మం దగ్గర మూటలు కట్టి ఉన్నాయి. జుమ్రద్ పరుపులు, పెళ్ళినాటి ట్రంకుపెట్టె, చంటిపిల్ల ఉయ్యాల. మధ్యాహ్నానికి ఆమె అన్న బండి తీసుకొస్తాడు. ఆ తర్వాత ఈ ఇంట్లో కోడలూ ఉండదు, మొన్ననే ఏడాది నిండిన మనవరాలూ ఉండదు.

అత్తగారు సలామత్‌కు ఏడవడానికి కూడా ఓపిక లేదు. ఒక్కగానొక్క కొడుకును బతిమాలి బతిమాలి గొంతు పోయింది.

పెరట్లో ఆ కొడుకు మహ్కం తన పని తాను చేసుకుంటున్నాడు. మర్గిలాన్ పక్షుల సంతలో అతని పందెం కోళ్ళకు పేరుంది. కొత్తగా పుట్టిన కోడిపిల్లల్ని బుట్టలోంచి ఒక్కొక్కటే తీసి, తల మీది తురాయిని బొటనవేలితో తడిమి చూస్తున్నాడు. బఠాణీ తురాయి అయితే ఈ పక్క. కాకపోతే ఆ పక్క.

సలామత్ మోకాళ్ళు పట్టుకుని అతని పక్కన కూలబడింది.

"బిడ్డ కళ్ళు అలా ఉంటే తల్లి ఏం చేస్తుందిరా?"

"నావి నల్లకళ్ళు. దానివీ నల్లకళ్ళే. బిడ్డవేమో పిల్లికళ్ళు. టీకొట్లో కూర్చోనిస్తున్నారా? 'మీ ఇంట్లో ఏ పిల్లి దూరిందిరా మహ్కం' అంటున్నారు. నాన్న నేర్పిన ఏడు తరాల పేర్లూ చెప్తాను, విను. ఒక్క తాతకైనా పిల్లికళ్ళు ఉన్నాయా?"

"చూశావా?"

"ఏంటి?"

"పేర్లు తెలుసు, సరే. కళ్ళు చూశావా?"

మహ్కం బుట్టలోంచి మరో పిల్లను తీశాడు. తడుముతున్న వేలు ఆగింది. వెలుతురులోకి ఎత్తి చూశాడు.

"ఏమైంది?"

"ఒంటి తురాయి."

సలామత్ కూడా వేలు పెట్టి చూసింది. బఠాణీ తురాయి అయితే గింజలు పేర్చినట్టు మూడు సన్నని వరసలు తగులుతాయి. ఇక్కడ ఒకటే గీత. పెరిగాక రంపంలా నిక్కి నిలబడుతుంది. పందెపు జాతిలో అలాంటిది పుడితే పెంచేవాడికి తలవంపులు.

"దీని తండ్రి ఏది?"

"ఆ నల్లపుంజు. బఠాణీయే."

"తల్లి?"

"అదీ బఠాణీయే."

"అయితే పక్కింటి పుంజేదో గోడ దూకుంటుంది."

మహ్కంకు కోపం వచ్చింది. "గూటికి తాళం వేసింది నేను. తాళంచెవి నా జేబులో ఉంది. ఈగ కూడా దూరదు. దీని తాతకో ముత్తాతకో ఒంటి తురాయి ఉండుంటుందమ్మా. రక్తంలో దాక్కుంటుంది. తల్లిలో కనపడదు, తండ్రిలో కనపడదు, పిల్లలో పైకి తేలుతుంది. కోళ్ళు పెంచేవాడు ఎవడైనా చెప్తాడు. ఊరికే ఆ పెట్టను అంటావెందుకు?"

సలామత్ చేయి వెనక్కి తీసుకుంది. కొడుకు ముఖంలోకి చూస్తూ కూర్చుంది.

అతని తల వాలింది. ఒంటి తురాయి పిల్లను ఏ పక్క వేయాలో తెలియనట్టు చేతిలోనే ఉంచుకున్నాడు.

"మనుషులూ కోళ్ళూ ఒకటేనా అమ్మా?" అన్నాడు చివరికి. గొంతులో మునుపటి పంతం లేదు.

సలామత్ కోడల్ని కేకేసి రొట్టె తెమ్మంది. జుమ్రద్ చంకలో బిడ్డతో, అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టెతో వచ్చింది. సలామత్ దాన్ని రెండు చేతులా తల మీదికి ఎత్తుకుంది. రొట్టె మీద ఒట్టేసి అబద్ధం ఆడేవాళ్ళు ఆ వీధిలో లేరు.

"ఈ కళ్ళు నీ వల్లే వచ్చాయిరా. నీ రక్తంలో ఉన్నవే. అబద్ధమైతే ఈ రొట్టే నా ఉసురు తీస్తుంది."

"నాన్న వైపు నుంచా, నీ వైపు నుంచా?"

"నీ నుంచని చెప్పాను కదా. ఇంక నన్ను విసిగించకు. మోకాళ్ళు పీకుతున్నాయి."

"ఒట్లు పెట్టి నిలబెట్టే కాపురం నాకెందుకు అత్తయ్యా?" అంది జుమ్రద్ నెమ్మదిగా.

మహ్కం లేచాడు. గుమ్మం దగ్గరికి వెళ్ళి మూటల ముడులు తనే విప్పాడు. ఉయ్యాలను లోపల పెట్టి వచ్చాడు. భార్య ముఖం చూడలేక ట్రంకుపెట్టెతో మాట్లాడుతున్నట్టు అన్నాడు.

"మీ అన్నకు ఫోన్ చెయ్యి. బండి వద్దు, భోజనానికి రమ్మను. తప్పు నాది."

"ఏం వండి పెట్టను? ఈ ఇంట్లో పేరున్న కోళ్ళు తప్ప ఏమున్నాయి?"

"నీకు నచ్చింది కొయ్యి."

జుమ్రద్ బిడ్డను అత్త దగ్గర దింపి, కళ్ళు తుడుచుకుని లోపలికి నడిచింది. ఆమె వెనకే మహ్కం ట్రంకుపెట్టె మోసుకుంటూ వెళ్ళాడు.

పెరట్లో మిగిలిన సలామత్ మనవరాలిని ఒళ్ళోకి తీసుకుని ఆ పిల్లికళ్ళలోకి చూసింది. పొత్తిళ్ళలో ఉన్న మహ్కంను తన ఖాళీ ఒడిలో పెట్టి, వాడికి ఎన్నడూ చెప్పవద్దని వేడుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయిన ఆ అమ్మాయి కళ్ళు అచ్చం ఇలాగే ఉండేవి.