నల్లటి స్క్రీన్

“ఇదేంటండీ, స్క్రీన్ ఆపేసి కూర్చున్నారు?”

లైబ్రేరియన్ సురేంద్ర గొంతు వినగానే కంప్యూటర్ ముందున్నాయన ఇయర్‌ఫోన్లు తీశాడు. యాభై ఏళ్లుంటాయి. తల మాత్రం తిప్పలేదు.

“చిన్న పనుందండి. అరగంటలో అయిపోతుంది.”

“నల్లటి స్క్రీన్ ముందు పనేంటండీ బాబూ? ఏసీ కోసమైతే ఆ వీధి చివర సినిమా హాలుంది. ఇవి చూపులేనివాళ్ల కోసం పెట్టిన కంప్యూటర్లు. లేవండి.”

ఆయన చిన్నగా నవ్వి లేచాడు. ఎలా వెళ్లాడో సురేంద్ర చూడలేదు. అతని కంగారు అతనిది.

మధ్యాహ్నం లైబ్రరీ కమిటీ ప్రెసిడెంట్ శ్యామలాంబ గారు వస్తున్నారు. చూపులేనివాళ్లు సొంతంగా వాడలేకపోతే ఈ మాట్లాడే కంప్యూటర్లను సామర్లకోట లైబ్రరీకి పంపేస్తానని ముందే చెప్పేశారు.

ఆవిడ కోపంలో న్యాయముంది. నిన్న డిగ్రీ చదివే చూపులేని అమ్మాయి వీరవేణి ప్రయత్నించింది. కంప్యూటర్ మాట్లాడింది. కానీ లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఎక్కడికి వెళ్లినా “బటన్, బటన్” అనడమే తప్ప, అది దేనికో చెప్పదు. ఇవాళ మధ్యాహ్నానికల్లా సరిచేస్తామంది వెబ్‌సైట్ కంపెనీ. చేసిందో లేదో తెలియదు.

శ్యామలాంబ గారు రానే వచ్చారు.

“కానీయమ్మా,” అన్నారు వీరవేణితో.

వీరవేణి స్పీకర్ పెట్టింది. చెయ్యి చాపి స్క్రీన్ ఆపేసింది.

సురేంద్ర ఉలిక్కిపడ్డాడు. “అదెందుకు ఆపావమ్మా?”

“నాకు దాంతో పనేంటి సార్? నేను టైప్ చేసేది పక్కనోళ్లు చదువుకోడానికా? మా ఫ్రెండ్సందరూ ఆపేస్తారు.”

పొద్దున్నాయన సురేంద్ర కళ్ల ముందు మెదిలాడు. చూపులేని మనిషిని, చూపులేనివాళ్ల కుర్చీలోంచే లేపేశాడు తను.

కీబోర్డు టకటకలాడింది.

“పుస్తకం వెతుకు... చరిత్ర... చదవడం మొదలుపెట్టు...”

ప్రతి బటనూ తన పేరు చెప్పింది. ఎవరూ వేలు పెట్టకుండానే వీరవేణి పరీక్ష పుస్తకం తెరిచింది. కంప్యూటర్ గడగడా చదివేస్తోంది.

“ఇన్నాళ్లూ చెల్లి చదివిపెట్టేదండి, దాని మూడ్ బావుంటే. ఇక దాన్ని బతిమాలక్కర్లేదు.”

శ్యామలాంబ గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

“ఇవెక్కడికీ పోవు సురేంద్ర గారూ. ఇంకో నాలుగు తెప్పించండి.”

సురేంద్ర ఉప్పొంగిపోయాడు. అక్కడికక్కడే కంపెనీకి ఫోన్ కొట్టాడు.

“గెలిపించేశారండి. ఇంతకీ ఎవరండీ దీన్ని సరిచేసిన ఆ మహానుభావుడు?”

“మా ఆంజనేయరాజు గారండి. పొద్దున్న మీ కంప్యూటర్‌లోనే సరిచూస్తుంటే మధ్యలో ఎవరో లేపేశారట. మిగతాది గోదావరి గట్టున కూర్చుని తన ల్యాప్‌టాప్‌లో పూర్తిచేసి, ఇందాకే భీమవరం బస్సెక్కేశారు.”