పదిహేడో లాకరు

కోచ్ విజిల్ ఊదాడు. గంట అయిపోయింది. నీళ్ళలో ఉన్నవాళ్ళంతా బయటికొచ్చి గట్టుమీద వరుసగా నిలబడ్డారు.

"ముప్పై మంది," అన్నాడు కోచ్ లెక్కపెట్టి. "నీ దగ్గరెన్ని?"

కౌంటర్లో అమ్మాయి గోడకున్న కొక్కేల వైపు తిరిగింది. ఆ స్విమ్మింగ్ పూల్‌లో పద్ధతి అదే. ఫోన్లూ, ఉంగరాలూ, బట్టలూ లాకర్లో పెట్టి తాళం వేసి, తాళంచెవి కౌంటర్లో ఇచ్చి నీళ్ళలో దిగాలి. గంటకోసారి అందరూ పైకి రావాలి. ఎన్ని తాళంచెవులో అన్ని తలలు.

"ముప్పై ఒకటి సార్."

"సరిగ్గా చూడమ్మా."

మళ్ళీ చూసింది. ముప్పై ఒకటే. ఈసారి గట్టుమీది మొహాలకేసి చూసింది. రోజూ ఆమె కళ్ళు వెతికేది ఒక్క మొహాన్నే కాబట్టి ఎవరు లేరో తెలియడానికి క్షణం పట్టలేదు. పదిహేడు లేడు.

పేరడగడానికి మొహమాటపడి, సెలవులు మొదలైనప్పట్నుంచీ అతన్ని మనసులో లాకరు నంబరుతోనే పిలుచుకుంటోంది. రోజూ ఆ లాకరే కావాలంటాడు మరి. నాలుగు రోజుల క్రితం ఆమె చదువుతున్న నవల కూడా అడిగి పట్టుకెళ్ళాడు. వేసవి సెలవుల్లో ప్రేమలో పడ్డ ఇద్దరి కథ, నడుమ ఒక హత్య.

"ఈ కుర్చీకి అతుక్కుపోయావా? ఎప్పుడూ లేవవా?" అని ఆ రోజే ఆటపట్టించాడు.

"తాళంచెవులు వదిలి లేవకూడదు. లెక్క తప్పితేనే లేస్తాను," అంది ఆమె నవ్వుతూ.

ఇవాళ తువ్వాలు భుజాన వేసుకుని తాళంచెవి ఇస్తుంటే నవల ఏదని అడిగింది. "లాకర్లోనే ఉంది, వెళ్ళేటప్పుడు ఇస్తా," అన్నాడు.

"ఇంతకీ అందులో ఆ అబ్బాయి మంచివాడేనా?"

"చివరిదాకా చదువు, నీకే తెలుస్తుంది."

"పదిహేడో లాకరతను లేడు సార్," అంది కోచ్‌తో.

"అతను దిగడం చూశావా?" కోచ్ గొంతు మారింది.

చూడలేదు. చొక్కా లేకుండా ఎదురుగా నిలబడేసరికి సిగ్గేసి తల దించుకుంది. ఇప్పుడు ఆ సిగ్గుకి చెంపలు వాయించుకోవాలనిపించింది.

"తాళంచెవి ఇక్కడే ఉంది సార్, లోపలే ఉన్నాడు," అంటూ కుర్చీ వదిలేసి పరుగెత్తింది.

కోచ్, ఈత బాగా వచ్చిన మరో ముగ్గురు లోతు వైపు దూకారు. పొద్దుటినుంచీ జనం దిగి దిగి నీళ్ళు మసకబారాయి. అడుగు కనబడటంలేదు.

పేరుకి స్విమ్మింగ్ పూల్‌లో ఉద్యోగమేగానీ ఆమెకి మోకాలిలోతు నీళ్ళన్నా భయమే. గట్టుమీద కూలబడిపోయింది. కళ్ళముందు మనిషి మునిగిపోతుంటే చూస్తూ కూర్చోవడం తప్ప ఏమీ చేతకాని తన బతుకు మీద తనకే అసహ్యం వేసింది.

"మీవాడామ్మా?" అందొక పెద్దావిడ ఆమె భుజం మీద తడిచెయ్యి వేసి.

ఏం చెప్పాలి? పేరైనా తెలియదు. అవునన్నట్టు తలూపింది.

వాళ్ళు పైకి తేలుతున్నారు, ఊపిరి తీసుకుంటున్నారు, మళ్ళీ మునుగుతున్నారు. తేలిన ప్రతి తలా అతనిదే అనుకుంది. ఒక్కటీ కాలేదు. ఐదు నిమిషాలు. పది. పావుగంట. ఇంక ఆశ లేదని వెనకాల ఎవరో గుసగుసలాడారు. తనకా మాట వినబడకుండా ఉంటే బావుండుననుకుంది.

చివరికి కోచ్ గట్టు పట్టుకుని రొప్పుతూ చెప్పాడు. "మూలమూలా వెతికాం. నీళ్ళలో ఎవరూ లేరమ్మా."

ఆమెకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఏడుస్తూనే నవ్వేసింది. తాళంచెవి మర్చిపోయి ఇంటికి పోయుంటాడు, మతిమరుపు మనిషి. రేపు రానీ, చెవి మెలిపెట్టకపోతే చూడమనుకుంది. కళ్ళు తుడుచుకుంటూ కౌంటర్ వైపు నడిచింది. తాళంచెవుల కోసం జనమంతా తడికాళ్ళతో వెనకాలే వచ్చారు.

కొక్కేలకి ఒకే ఒక్క తాళంచెవి ఉంది. పదిహేడోది. మిగతా ముప్పై లాకర్లకే వేలాడుతున్నాయి. తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి.

"నా ఫోను," అన్నారెవరో.

"నా గొలుసు," అంది పెద్దావిడ. తర్వాత ఆమెకేసి తిరిగి నెమ్మదిగా అంది. "మీవాడేనన్నావుగా."

ఆమె కొక్కేనికున్న ఆ తాళంచెవి తీసుకుంది. ముప్పై మంది చూస్తుండగా పదిహేడో లాకరు తెరిచింది. బట్టల్లేవు. ఆమె నవల ఒక్కటే ఉంది. చివరి పేజీ కింద, ఖాళీ జాగాలో, పెన్సిలుతో రాసి ఉంది.

"నాకోసం లేస్తావని నాకు తెలుసు."