పక్క స్థలంలో కంప

“ఈసారి వేర్లతో సహా తవ్వాల్సిందే. లేదంటే రేపు మేమే జేసీబీ తెప్పిస్తాం,” అంది వార్డు సచివాలయం నుంచి వచ్చిన స్వర్ణలత.

ఓబుళేశు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. “జేసీబీ ఎందుకులేమ్మా, నేనే తవ్వుతా. ఇంతకీ ఎవరు చెప్పినారు మీకు?”

“పేర్లు చెప్పకూడదు,” అంటూ ఆమె స్కూటర్ ఎక్కింది.

పిట్టగోడకు ఇవతల రెజీనా చూపు తిప్పుకుంది. కర్నూలు చివర ఆ వీధిలో ఇల్లంటూ ఉన్నది ఆమెదొక్కటే. మిగతావన్నీ ఖాళీ స్థలాలు. పగలంతా ఆ ఇంట్లో కుట్టుమిషనుదే మాట. అది ఆగితే గోడమీది బల్లిది.

పక్క స్థలంలో సర్కారు తుమ్మ కంప గోడెత్తు లేచినప్పుడల్లా ఆమె సచివాలయానికి పోయి, పాములొస్తున్నాయని చెప్పేది. నోటీసు అందుకుని కోడుమూరు నుంచి స్థలం యజమాని ఓబుళేశు దిగేవాడు. పెళ్లాం పోయిన మనిషి. సంచిలో పచ్చి శనక్కాయలు తెచ్చేవాడు, కంప కొడుతూ ఊరి కబుర్లన్నీ చెప్పేవాడు. కంపదేముంది, మోడు మిగిలితే చాలు, వాన పడగానే రెండింతలై లేస్తుంది. ఆమెకు కావలసిందీ అదే.

ఇప్పుడు వేర్లే పోతే, ఆ మనిషి ఇంక ఏం పనుందని వస్తాడు?

“నిజంగా పాములొస్తాండాయా రెజీనమ్మా?”

“నాకేం తెలుసప్పా! ఎవరు చెప్పినారో ఏమో.”

“ఈ వీధిలో ఉండేది నువ్వొక్కదానివే గదా!”

“టీ పెడతా ఉండు,” అని ఆమె గబగబా లోపలికి పోయింది.

మధ్యాహ్నానికి గొడ్డలి చప్పుడు ఆగి, పార చప్పుడు మొదలైంది.

“రెజీనమ్మా, రెండు బిందెల నీళ్లియ్యి. నేల రాయి మాదిరి ఉండాది, తడపకుంటే పార దిగదు.”

ఇచ్చింది. కాసేపటికి మళ్లీ పిలిచాడు.

“ఇంకా రెండు కావల్ల.”

“అన్ని నీళ్లెందుకప్పా?”

“వేర్లు శానా లోతుకు పోయినాయి మరి.”

సాయంత్రం స్వర్ణలత వచ్చి, నిలబడి ఉన్న కంప ఒక్కటీ కనబడకపోయేసరికి, స్కూటర్ దిగకుండానే ఫోటో తీసుకుని పోయింది. ఓబుళేశు పార కడిగి సంచి భుజాన వేసుకున్నాడు.

“పోయొస్తా.”

“ఇంక ఈడ నీకేం పనిలేప్పా,” అంది ఆమె, నేల చూస్తూ.

అతను నవ్వి, బస్సుకు పోయాడు.

రెజీనా మిషను ముందు కూర్చుంది. ఎంతకీ సూదిలో దారం ఎక్కలేదు. చివరికి లేచి, చెంబుతో నీళ్లు పట్టుకుని పిట్టగోడ దాటింది. ఒక్క వేరైనా మిగిలి ఉండదా, తడిపితే మళ్లీ చిగురించదా అని ఆశ.

నేలమీద పరిచి ఉన్న కంప రొట్టను కాలితో పక్కకు తోసింది.

ప్రతి మోడు చుట్టూ పాదు కట్టి ఉంది, నిండా నీళ్లతో.