సుబేదారుగారి అబ్బాయి

మహిళల కోసం ముందు వరసలో మూడు కుర్చీలు వేశారు. రెండింటి మీద నాయకుల సంచులు కూర్చున్నాయి. మూడో దాంట్లో నైనకళ కూర్చుంది. అదీ, రాజ్యాంగం రాస్తున్న సభ్యుడి తల్లి కాబట్టి.

కొత్త రాజ్యాంగం ముసాయిదా మీద జనం మాట వినడానికి నేపాల్ మొత్తానికీ రెండంటే రెండు రోజులిచ్చారు. చిత్వన్ జిల్లాలో ఈ ఊరి వంతు ఈ పూట రెండు గంటలు. అందులో గంటన్నర దండలకీ, దీపానికీ, ఉపన్యాసాలకీ పోయింది. మిగిలిన అరగంటలో జనం మాట్లాడుకోవాలి. టీలు కూడా ఆ అరగంటలోనే.

"ఆడవాళ్లని మేం దేవతల్లా చూస్తాం!" అన్నాడు మైకులో టేకేంద్ర కార్కి.

చప్పట్లు మోగాయి. దేవతలైతే పౌరసత్వం అడగరు మరి, అనుకుంది అతని తల్లి.

గొడవంతా ఒక్క మాట దగ్గరే. బిడ్డకు పౌరసత్వం రావాలంటే తండ్రీ తల్లీ ఇద్దరూ నేపాలీలై ఉండాలని ముసాయిదాలో రాశారు. 'తండ్రి గానీ తల్లి గానీ' అని మార్చండని ఆడవాళ్లు మొత్తుకుంటున్నారు. ఆ 'గానీ' పెడితే సరిహద్దు అవతలి అల్లుళ్లు వచ్చి దేశాన్ని మింగేస్తారని టేకేంద్ర భయం. భయమంటే ఒప్పుకోడు. దేశభక్తి అంటాడు.

వెనక వరసలోంచి బిపనా లేచింది. నైనకళ పక్కింటి పిల్ల. నర్సింగు పాసై ఏడాది దాటింది. పౌరసత్వం కాగితం లేదని నర్సుల జాబితాలో పేరెక్కించలేదు. ఈ పిల్ల భూమ్మీద పడకముందే తండ్రి మాయమయ్యాడు. జిల్లా కార్యాలయం చుట్టూ పదకొండుసార్లు తిరిగింది. తండ్రినైనా తీసుకురా, తండ్రి చావు కాగితమైనా తీసుకురా అన్నారు.

"సార్, మా అమ్మ నేపాలీ. నేను పుట్టింది ఇక్కడే. అమ్మ పేరు మీద ఇవ్వడానికి ఏమిటడ్డం?"

"మీ నాన్న పేరేంటమ్మా?"

"తెలీదు సార్. అమ్మ చెప్పదు."

"చెప్పదా, చెప్పలేకపోతోందా?"

హాలు ఘొల్లుమంది. టేకేంద్రకు హుషారొచ్చింది.

"ఇంటికెళ్లి కనుక్కుని రా తల్లీ! ఎవరి పిల్లవో నీకే తెలీకపోతే దేశానికేం తెలుస్తుంది?"

బిపనా ఏడవలేదు. కూర్చోనూ లేదు.

నైనకళ లేచింది. హాలు సద్దుమణిగింది. సుబేదారు వితంతువంటే ఆ ఊళ్లో అంత గౌరవం. అడవి నరికి ఊళ్లు కట్టుకుంటున్న రోజుల్లో, ఐదోనెల కడుపుతో, తూర్పు కొండల నుంచి ఒంటరిగా దిగింది. ఊళ్లో అందరూ కొత్తవాళ్లే. 'సుబేదారుగారి భార్యట, పాపం' అని తలా ఒక చెయ్యేసి గుడిసె కట్టిచ్చారు. నలభై తొమ్మిదేళ్లుగా ఆమె ఎర్రచీర కట్టలేదు, గాజు తొడగలేదు. ఏటా మార్గశిరంలో కొడుకు తండ్రికి ఘనంగా తద్దినం పెడతాడు. ఊరంతా భోజనానికొస్తుంది. ఆ రోజంతా నైనకళ నోరు విప్పదు. దుఃఖమని అందరూ జాలిపడతారు.

"రాసుకో బాబూ," అంది సూచనలు రాసుకునే గుమాస్తాతో. "నైనకళ కార్కి. 'తండ్రి గానీ తల్లి గానీ' అని పెట్టమంటోంది."

టేకేంద్ర నవ్వాడు. "మా అమ్మది జాలిగుండె. పక్కింటి పిల్ల కదా!"

"జాలి కాదురా, రోత. పారిపోయినవాడు హాయిగా ఉన్నాడు. పెంచినదాన్ని పట్టుకుని ఇంతమందీ ఇకిలించారు. వాణ్ణి ఒక్క మాటన్నావా నువ్వు?"

ఎవరో దగ్గారు. గుమాస్తా కలం ఆపి సభ్యుడుగారి వైపు చూశాడు, ఇది కూడా రాయాలా అన్నట్టు.

టేకేంద్ర మొహం ఎర్రబడింది. అయితే ముప్ఫై ఏళ్లుగా మైకుతో బతుకుతున్న మనిషి. ఒక్క క్షణంలో సర్దుకున్నాడు. వేదిక దిగి వచ్చి, తల్లి భుజం మీద చెయ్యేసి జనం వైపు తిరిగాడు.

"సరే, మా అమ్మనే అడుగుదాం! తండ్రి పేరు లేకపోతే నేనెవర్ని? సుబేదార్ రణధ్వజ్ కార్కి! తూర్పు కొండల్లో సైన్యం బ్యారకు ముందు, యుద్ధంలో ప్రాణాలిచ్చిన ఇరవైమంది వీరుల పేర్లు చెక్కిన రాయుంది. అందులో ఉంది మా నాన్న పేరు! ఆ పేరే నా పౌరసత్వం, ఆ పేరే నా పరువు! చెప్పమ్మా, ఆ పేరెంత గొప్పదో నువ్వే చెప్పు వీళ్లకి!"

మైకు ఆమె నోటి దగ్గర పెట్టాడు.

చెప్పాక ఊళ్లో తనని ఎవరెలా చూస్తారో నైనకళకు తెలుసు. ఇంకా నిలబడే ఉన్న బిపనా వైపు ఒకసారి చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"నువ్వు కడుపులో ఉన్నప్పుడు నీకో తండ్రి పేరు కావాల్సొస్తే, దారిలో ఆ రాయి కనబడింది నాయనా, ఆ ఇరవైలో వినడానికి బాగున్న పేరొకటి ఏరుకొచ్చాను."